ఫిజీలో దీవి లీజుకు తీసుకుంటే చేతికి వచ్చేది ఏమిటి?

"ఫిజీలో పన్నెండు ఎకరాలు. తెల్లటి ఇసుక, కొబ్బరి తోపు, ప్రైవేట్ బీచ్. ఎకో రిసార్ట్‌కు అనుకూలం. 99 ఏళ్ల లీజు. సొంతమే అనుకోండి."

సిడ్నీలో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఈమధ్య కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఈ ప్రకటన పెట్టాడు. కింద వరసగా చప్పట్ల బొమ్మలు. "బావా, మనం ఐదుగురం కలిస్తే అయిపోతుంది" అని ఒకరు. "ముందు పెళ్లిళ్లకు అద్దెకిద్దాం, డెస్టినేషన్ వెడ్డింగ్" అని ఇంకొకరు. నా కన్ను మాత్రం "సొంతమే అనుకోండి" దగ్గర ఆగిపోయింది. మన ఊళ్లలో డీ-పట్టా భూమి అంటగట్టేవాళ్లు కూడా అచ్చం ఇదే మాట అంటారు.

ప్రకటనలో అబద్ధం ఉందని కాదు. ఫిజీలో విదేశీయులు లీజు మీద రిసార్టులు నడుపుతూనే ఉన్నారు, బాగానే నడుపుతున్నారు. కాకపోతే ఆ నాలుగు ముక్కల్లో ప్రతి మాట వెనకా ఒక చట్టం, ఒక చరిత్ర ఉన్నాయి. అవి తెలియకుండా అడ్వాన్స్ కడితే ఏం కొన్నామో మనకే తెలియదు.

ఖాళీ దీవికీ యజమానులుంటారు

ఫిజీలో 330కి పైగా దీవులున్నాయి. మనుషులు కాపురం ఉంటున్నవి అందులో మూడో వంతు మాత్రమే. మిగతావి ఖాళీయే కదా, ఎవరో ఒకరు అమ్మకపోతారా అనుకుంటాం. కానీ పిట్ట మనిషి లేని దీవి కూడా ఫలానా వంశం వాళ్లదని రిజిస్టర్లో రాసి ఉంటుంది. దేశం మొత్తం భూమిలో దాదాపు 87 శాతం ఇతౌకేయిలది, అంటే మూలవాసులైన ఫిజియన్లది. అది వ్యక్తుల పేరున ఉండదు. మతంగలి అనే వంశ సమూహం పేరున ఉంటుంది. ఆ మతంగలిలో ఎవరెవరున్నారో పుట్టినప్పటి నుంచీ నమోదు చేసే పుస్తకం వేరే ఉంది. రాజధాని సువాలో గుమాస్తాగా చేసే కుర్రాడికీ, ఆక్లండ్‌లో నర్సుగా స్థిరపడిన అమ్మాయికీ అందులో పేరుంటే ఆ కొబ్బరి తోపులో వాటా ఉన్నట్టే.

ఇలా ఎందుకయింది? 1874 అక్టోబరు 10న ఫిజీ పెద్దలు తమ దీవులను బ్రిటిష్ రాణికి అప్పగించారు. అప్పటికే తెల్ల దొరలు తుపాకులూ సారా ఇచ్చి చాలా భూములు రాయించుకుని ఉన్నారు. పూర్తిస్థాయి మొదటి గవర్నర్ ఆర్థర్ గోర్డన్ ఆ అమ్మకాలకు అడ్డుకట్ట వేశాడు. ఫ్రీహోల్డ్ భూములుగా, అంటే శాశ్వత సొంత హక్కు ఉన్నవిగా, మిగిలినవి ఎక్కువగా పాత కొనుగోళ్లలో విచారణకు నిలిచినవే. అవి ఇప్పటికీ ఎనిమిది శాతం లోపే. మిగిలిన కొద్ది భూమి ప్రభుత్వానిది. 1940లో రాతూ సర్ లాలా సుకునా చొరవతో ఒక ట్రస్టు బోర్డు ఏర్పడింది. నేటి పేరు ఇతౌకేయి ల్యాండ్ ట్రస్ట్ బోర్డు. ఇతౌకేయి భూమిని ప్రైవేటువాళ్లకు అమ్మడం కుదరదు. లీజుకు ఇవ్వాలంటే ఆ పని చేయాల్సింది మతంగలి కాదు, వాళ్ల తరఫున బోర్డు.

మనకు 1/70 చట్టం తెలుసు కాబట్టి ఇది తేలిగ్గానే అర్థమవుతుంది. మన్యంలో గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని 1970లో బిగించిన చట్టం అది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఫిజీ వాళ్ల భయమూ అదే, దారి మాత్రం వేరు. మనం తలుపు పూర్తిగా మూశాం (దొడ్డిదారి సంగతి వేరే కథ). వాళ్లు తలుపు తెరిచి, గుమ్మంలో బోర్డును కూర్చోబెట్టారు. నన్నడిగితే వాళ్ల పద్ధతిలో కనీసం అద్దె ఎవరికి చేరాలో కాగితం మీద ఉంటుంది. మన ఏజెన్సీలో బినామీ పేరున రిసార్ట్ లేస్తే ఆ భూమి గల గిరిజనుడికి దక్కేది వాచ్‌మన్ ఉద్యోగమే.

యంగోనా తాగితే ఒప్పందం అయినట్టేనా?

పల్లెలోకి కొత్తవాళ్లు అడుగుపెడితే ముందు సేవుసేవు జరగాలి. యంగోనా వేళ్ల కట్ట ఒకటి, కాగితంలో చుట్టి రిబ్బను కట్టింది, ఊరి పెద్ద ముందు చాప మీద పెట్టాలి. దాన్నే బయటి ప్రపంచం కావా అంటుంది. ఆ వేళ్లను దంచి, పెద్ద కొయ్య గిన్నెలో నీళ్లతో పిసికి, కొబ్బరి చిప్పతో ఒక్కొక్కరికీ అందిస్తారు. అందుకునే ముందు ఒకసారి చప్పట్లు, తాగాక మూడుసార్లు. రుచి బురద నీళ్లలా ఉంటుంది, నాలుక కాసేపు మొద్దుబారుతుంది. పెద్దాయన కట్టను ముట్టుకుని నాలుగు మాటలు చెబితే మీ రాకకు ఒప్పుకున్నట్టు.

చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. ఊరంతా నవ్వుతూ పలకరించారు, పెద్దాయన భుజం మీద చెయ్యేశాడు, "ఆ ఒడ్డు నువ్వే చూసుకో" అన్నాడు. దాంతో లీజు ఖాయమైపోయిందనుకుంటారు. సేవుసేవు అంటే గుమ్మం దాటడానికి అనుమతి, అంతే. ఊరితో నేరుగా, బోర్డు లేకుండా నోటి మాట మీద చేసుకునే ఏర్పాట్లు ఫిజీలో కొల్లలు. వాటిని వకావనువా అంటారు, అంటే వాడుక ప్రకారం అని. వాటి మీద చెరకు పండించుకుంటున్న కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. కోర్టుకెళితే మాత్రం చెల్లవు. పది మంచాలు పట్టే గుడిసె వేసుకోవడానికి సరిపోవచ్చు గానీ, బ్యాంకు లోనుతో రిసార్ట్ కట్టేవాడికి అది నీటి మీద రాతే.

అసలు దారి ఇదీ. ముందు బోర్డుకు దరఖాస్తు. ఆ భూమిని యజమానులు తమ అవసరాలకు వాడుకోవడం లేదని బోర్డు నిర్ధారించుకోవాలి. అది రిజర్వు భూమి అయితే, అంటే మూలవాసుల వాడుకకే ప్రత్యేకించినదైతే, ముందు రిజర్వు నుంచి తప్పించాలి, దానికి యజమానుల సమ్మతి తప్పనిసరి. మామూలు భూమికి చట్టం కచ్చితంగా అడగకపోయినా, మతంగలిలో మెజారిటీ సంతకాలు లేకుండా బోర్డు ముందుకెళ్లదు. వెళ్లినా మీరు అక్కడ ప్రశాంతంగా ఉండలేరు. 2010 నాటి ల్యాండ్ యూజ్ చట్టం కింద ప్రభుత్వ ల్యాండ్ బ్యాంకు అనే రెండో దారి కూడా ఉంది. అందులో 60 శాతం మంది ఒప్పుకోవాలని రాసే ఉంది. రెండు దారుల్లోనూ 99 ఏళ్ల వరకు లీజు ఇస్తారు.

డబ్బు మూడు ముక్కలుగా పోతుంది. మొదట ఒకేసారి కట్టే ప్రీమియం. తర్వాత ఏటా అద్దె. రిసార్ట్ నడవడం మొదలయ్యాక సాధారణంగా మొత్తం రాబడిలో కొంత శాతం కూడా. లాభంలో కాదు, రాబడిలో. మొదటి రెండేళ్లు నష్టం వచ్చినా ఆ వాటా కట్టాల్సిందే. వీటికి తోడు ఉద్యోగాల్లో ఊరివాళ్లకు ముందు అవకాశం అనే షరతు ఉంటుంది. దీన్ని భారంగా చూసే పెట్టుబడిదారులుంటారు గానీ, పడవ నడిపేవాడు, వంట చేసేవాడు, రాత్రి కాపలా కాసేవాడు భూమి యజమానే అయినప్పుడు దొంగతనాల టెన్షన్ సగం తగ్గుతుంది.

ఆ డబ్బు ఊళ్లో ఎలా పంచుతారన్నది మీకు సంబంధం లేని విషయంలా కనిపిస్తుంది. చాలా సంబంధం ఉంది. 2011కు ముందు బోర్డు ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో 30 శాతం మూడు అంచెల పెద్దలకు వెళ్లేది, మిగతా 70 శాతం అందరూ పంచుకునేవాళ్లు. 2011 నుంచి అందరికీ సమాన వాటా. వినడానికి న్యాయంగా ఉంది. కానీ పెద్దరికానికి వచ్చే సొమ్ము పోయింది, పెద్దరికంతో వచ్చే ఖర్చులు అలాగే ఉన్నాయి. పెళ్లికీ చావుకూ చేయి చాపేది ఇప్పటికీ పెద్ద దగ్గరే. మతంగలిలో మూడు వందల మంది ఉంటే ఏడాది అద్దె తలా కొద్ది డాలర్లకు దిగుతుంది. "మా దీవి మీద వీళ్లు ఇంత సంపాదిస్తున్నారు, మాకు వచ్చేది ఇంతేనా" అన్న మాట పుట్టేది ఆ చిల్లర చేతిలో పడ్డ రోజే.

తొంభై తొమ్మిదిలో ఎన్ని మిగిలాయి?

ప్రకటనల్లో "99 ఏళ్లు" అని ఉంటుంది గానీ మొదలైంది ఎప్పుడో ఉండదు. 1988లో మొదలైన లీజును మీరు ఇవాళ బదిలీ చేయించుకుంటే మీకు దక్కేది అరవై ఏళ్ల చిల్లర. ఇంకో తిరకాసు సబ్‌లీజు. ఒక డెవలపర్ బోర్డు దగ్గర పెద్ద లీజు తీసుకుని, దాన్ని ప్లాట్లు చేసి విదేశీయులకు అమ్ముతాడు. అమ్ముతాడు అంటున్నా గానీ ఇచ్చేది సబ్‌లీజే. అసలు లీజు ముగిసే రోజు దాటి అది ఒక్క రోజు కూడా బతకదు. డెవలపర్ అద్దె కట్టక అసలు లీజు రద్దయితే, తప్పు మీది కాకపోయినా మీ కాటేజీ చిక్కులో పడుతుంది.

బోర్డును ఏర్పరచిన ట్రస్టు చట్టంలో 12వ సెక్షన్ ఒకటుంది. బోర్డు అనుమతి లేకుండా లీజును బదిలీ చేసినా, సబ్‌లీజుకిచ్చినా, ఆ లావాదేవీ చెల్లదు. తర్వాత సరిచేసుకోవచ్చులే అనడానికి లేదు, మొదటి నుంచీ చెల్లనట్టే. 2021లో తనఖాల్లాంటి వాటికి బోర్డు అనుమతి అక్కర్లేదని అప్పటి ప్రభుత్వం సవరణ తెచ్చింది. దేశమంతా గొడవ. 2023లో కొత్త ప్రభుత్వం ఆ సవరణను ఎత్తేసింది. 99 ఏళ్ల కాగితం చేతిలో ఉన్నవాడు తన కాలంలో ఇలాంటి మలుపులు ఇంకెన్ని చూడాలో లెక్కేసుకోవచ్చు.

ఫ్రీహోల్డ్ దీవి కొంటే ఈ గొడవ లేదు కదా అని అడుగుతారు. ఉన్నాయి, ధర కోట్లలో ఉంటుంది. 2005లో హాలీవుడ్ నటుడు మెల్ గిబ్సన్ మాంగో దీవిని ఒక జపాన్ కంపెనీ నుంచి దాదాపు కోటిన్నర అమెరికన్ డాలర్లకు కొన్నాడు. పందొమ్మిదో శతాబ్దంలో ఆ దీవి నుంచి తరలించిన వాళ్ల వారసులు, ఇది మా తాతలది అంటూ అభ్యంతరం చెప్పారు. ప్రభుత్వాన్ని కూల్చిన 2000 సంవత్సరపు కుట్ర రోజుల్లో ఊరివాళ్లు కొన్ని రిసార్టులను ఆక్రమించుకున్నారు. వాటిలో ఫ్రీహోల్డ్ దీవులూ ఉన్నాయి. రిజిస్ట్రేషన్ కాగితం గట్టిదే. కానీ పక్క దీవి వాళ్లకు తాతల పేర్లు గుర్తున్నాయి.

మాల్దీవుల్లో లెక్క వేరు. అక్కడ రిసార్ట్ దీవిని ఇచ్చేది ప్రభుత్వం ఒక్కటే, ఒక దీవికి ఒక రిసార్ట్. ఒక్క యజమానితోనే మాట్లాడాలి. అందుకే పెద్ద హోటల్ కంపెనీలకు అది ఇష్టం, మనలాంటి ఐదుగురు బావల గుంపుకు అందేది కాదు.

ప్రైవేట్ బీచ్

ఈ రెండు మాటల గురించే ఎక్కువ చెప్పాలి.

మీ పన్నెండు ఎకరాలు సముద్రం పోటు మీద ఉన్నప్పుడు నీళ్లు తాకే గీత దగ్గర ఆగిపోతాయి. అక్కడి నుంచి కిందికి, ఆటుపోట్ల మధ్య ఇసుక, దాని అవతల సముద్రపు అడుగు, ప్రభుత్వానివి. బల్లకట్టు వేయాలన్నా, పడవల రేవు కట్టాలన్నా ఆ జాగాకు ప్రభుత్వం దగ్గర వేరే లీజు కావాలి. ఆ నీళ్లలో చేపలు పట్టే హక్కు మళ్లీ మూడోవాళ్లది. గోలిగోలి అంటారు దాన్ని. ఏ వంశానికి ఎంత మేర వేట హక్కుందో హద్దులతో నమోదై ఉంటుంది. నేల ఇచ్చిన మతంగలి, గోలిగోలి ఉన్న వంశం ఒకటే కావాలనేం లేదు. అంటే మీ గెస్టు గది గుమ్మంలోంచి దిగి, ఇసుక దాటి, నడుం లోతు నీళ్లలో నిలబడేసరికి ముగ్గురు యజమానుల జాగాలు దాటేసి ఉంటాడు.

ఒక ప్రభుత్వం కూలడానికి ఇదీ ఒక కారణమంటే అతిశయోక్తి కాదు. 2006లో ప్రధాని లైసేనియా కరాసే సముద్ర తీరాన్ని, అడుగునూ మూలవాసులకే తిరిగిచ్చే గోలిగోలి బిల్లు తెచ్చాడు. హోటళ్లవాళ్లు గగ్గోలు పెట్టారు. ఈతకూ స్నార్కెలింగ్‌కూ కూడా రుసుము కట్టమంటారని వాళ్ల భయం. సైన్యాధిపతి ఫ్రాంక్ బైనిమరామా ఆ బిల్లును వ్యతిరేకించాడు, అదే ఏడాది డిసెంబరు 5న కుట్ర చేసి గద్దెనెక్కాడు. బిల్లు ఒక్కటే కారణం కాదు గానీ, ముఖ్యమైన కారణాల్లో అదొకటి. అదే బైనిమరామా 2010లో ఒక డిక్రీ (ప్రభుత్వ ఆదేశం) తెచ్చి అలల మీద ఎవరికీ ప్రత్యేక హక్కు లేదన్నాడు. అప్పటిదాకా క్లౌడ్‌బ్రేక్ అనే ప్రపంచ ప్రసిద్ధ సర్ఫింగ్ అల దగ్గరి రిసార్ట్ వాళ్ల అతిథులకే అన్నట్టు ఉండేది. డిక్రీ వచ్చాక ఎవరి పడవైనా వెళ్లే వీలు వచ్చింది. "ప్రైవేట్" అన్న మాట ఒక్క సంతకంతో పోయింది.

ఇక మలోలో దీవి. నాందీ విమానాశ్రయానికి పడమరగా మమనుథా దీవుల్లో ఉంది. అక్కడ ఒక విదేశీ కంపెనీ మూడు వందలకు పైగా కుటీరాలతో రిసార్ట్, దేశంలోనే మొదటి కేసినో కడతానని దిగింది. ఇలాంటి దీవుల్లో ఒడ్డుకు ఆనుకుని పగడపు దిబ్బ చదునుగా చాలా దూరం పోతుంది. పోటు వేళ పడవ ఒడ్డు దాకా వస్తుంది. ఆటు వేళ దిబ్బ బయటపడి, చీలమండ లోతు నీళ్లే మిగులుతాయి. సామాను మోసే బార్జి లోపలికి రాలేదు. రోజుకు కొన్ని గంటలే పని అంటే కాంట్రాక్టరుకు నష్టం. దాంతో యంత్రాలు పెట్టి దిబ్బనే తవ్వి కాలువ తీశారు. మడ చెట్లు పోయాయి. పక్క భూమి లీజుదారులు ఫిర్యాదులు చేస్తూనే ఉన్నారు. 2019 ఏప్రిల్‌లో వార్త కోసం వెళ్లిన న్యూజిలాండ్ విలేకరులను పోలీసులు ఒక రాత్రి నిర్బంధించారు. మర్నాడు అప్పటి ప్రధాని బైనిమరామా క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. ప్రాజెక్టు అనుమతి రద్దయింది. 2022లో కోర్టు ఆ కంపెనీకి 10 లక్షల ఫిజీ డాలర్ల జరిమానా వేసింది. 2005 నాటి పర్యావరణ నిర్వహణ చట్టం కింద అంత పెద్ద శిక్ష అదే మొదటిసారి. జరిమానా కట్టొచ్చు. తవ్విన పగడం మళ్లీ పెరగాలంటే దశాబ్దాలు పడుతుంది.

అందుకని దీవి చూడ్డానికి వెళ్లేవాళ్లు పోటు టైమ్‌లో కాదు, ఆటు టైమ్‌లో వెళ్లాలి. బ్రోకర్లు పోటు చూసుకునే తీసుకెళతారు.

నీళ్ల సంగతి క్లుప్తంగా. మమనుథా, యసావా దీవులు పొడి వైపు ఉన్నాయి. ఫొటోలో ఎప్పుడూ ఎండ కాస్తోందంటే అక్కడ వాన తక్కువని అర్థం. చిన్న దీవి కింద మంచినీరు ఉప్పునీటి మీద పలచగా, నూనెలా తేలుతుంటుంది. గట్టిగా తోడితే అడుగు నుంచి ఉప్పు పైకొస్తుంది. కోనసీమ తీరంలో బోరు వేసుకున్నవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. అందుకే చాలా రిసార్టులు నీళ్లను బార్జిల్లో తెప్పించుకుంటాయి, లేదా సముద్రపు నీటిని శుద్ధి చేసే ప్లాంటు పెట్టుకుంటాయి. దానికి కరెంటు, కరెంటుకు డీజిల్ లేదా సోలార్. "ఎకో" అన్న మాటకు అసలు పరీక్ష అక్కడే, వెదురు స్ట్రాల దగ్గర కాదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుపాన్ల కాలం. 2016 ఫిబ్రవరి 20న వచ్చిన విన్‌స్టన్ తుపానుకు 44 మంది చనిపోయారు.

ఈ పాఠం మనవాళ్లు ఎప్పుడో చదివారు

1879 నుంచి 1916 వరకు 60,965 మంది భారతీయులను గిర్మిట్ కూలీలుగా, అంటే ఒప్పంద కూలీలుగా, ఫిజీకి తీసుకెళ్లారు. 1903 నుంచి మద్రాసు రేవు ద్వారా కూడా ఓడలు వెళ్లాయి. వాటిలో విశాఖపట్నం, గోదావరి, కృష్ణా, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువాళ్లూ ఉన్నారు. 1941లో అక్కడ ఆంధ్ర సంఘం పెట్టుకున్నారు. లంబాసా వైపు చెరకు తోటల్లో ఇప్పటికీ తెలుగు ఇంటి పేర్లు వినిపిస్తాయి. (ఇంగ్లీషులో ఆ ఊరి పేరు చూస్తే లబాసా అని చదువుతాం. ఫిజీ రాతలో బి ముందు మకారం దాగి ఉంటుంది.)

గిర్మిట్ అయిపోయాక వాళ్లలో చాలామంది మతంగలుల భూమి లీజుకు తీసుకుని చెరకు వేశారు. అంతకుముందు పదేళ్లకు ఇచ్చిన లీజులకు 1976 చట్టం ఇంకో ఇరవై ఏళ్లు కలిపింది, మొత్తం ముప్ఫై ఏళ్లు. ఏటా కట్టే అద్దె, మెరుగులేవీ కలపని భూమి విలువలో 6 శాతం మించకూడదు. అద్దె మరీ తక్కువని యజమానులకు కడుపుమంట. ఏం చేసినా భూమి తమది కాదని రైతులకు దిగులు. 1997 నుంచి లీజులు ఒక్కొక్కటిగా ముగుస్తూ వచ్చాయి. కొన్ని పొడిగించారు, చాలా పొడిగించలేదు. తాత చదును చేసిన పొలం, నాన్న కట్టిన ఇల్లు వదిలి వేల కుటుంబాలు సువా, లౌతోకా శివార్లలో గుడిసెలు వేసుకున్నాయి. కొందరు ఇంటి రేకులు, కలప విప్పి లారీలో వేసుకుని వెళ్లారు. నేలకు బిగించినవి నేలతోనే ఉండిపోయాయి.

రిసార్ట్ లీజు చివరి పేజీలో కూడా ఇదే క్లాజు ఉంటుంది: గడువు ముగిశాక కట్టడాలు ఎవరివి, పరిహారం ఉందా లేదా. లాయరు చేత ముందు చదివించాల్సింది ఆ పేజీ.

మా గ్రూపులో నేను రెండు ప్రశ్నలు పెట్టాను. ఇది బోర్డు ఇచ్చిన అసలు లీజా, సబ్‌లీజా? ఇంకా ఎన్నేళ్లు ఉంది? బ్రోకరును అడిగి చెబుతానన్నాడు అన్నయ్య. మర్నాడు బ్రోకరు పంపిన జవాబును యథాతథంగా పెట్టాడు: సూర్యాస్తమయం ఫొటోలు ఇంకో ఆరు.